నీటిగుర్రం దవడకు డంగు సున్నం

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇవాళ మళ్ళీ తెచ్చి ముందు పెట్టినా పెట్టను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఈ ముచ్చట చివరికొచ్చేసరికి మీలో కొందరు, "పెడితే ఏం పోయేది పెద్దాయనా, నౌకరీ పర్మినెంట్ అయ్యేది గదా" అంటారు. మా బంధువుల్లో అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు చాయ పోసి పంపించాను గానీ నా మాట మార్చుకోలేదు.

నా ఉద్యోగం ఎముకలకు కట్లు కట్టడం. దవాఖానలో కాదు, నేలలో. మా శాఖ పని పాతకాలపు జంతువుల ఎముకలు వెతకడం. వేల ఏళ్ళు మట్టిలో ఉండి రాయిగా మారిన ఎముకలు అవి. చూడటానికి రాయే గానీ లేపబోతే బిస్కెట్టులా విరుగుతాయి. అందుకని ముందు ఎముకంతా తడి కాగితం కప్పి, దాని మీద ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీలు చుట్టి, అది గట్టిపడ్డాక కిందనుంచి తవ్వి లేపాలి. మధ్యలో కాగితం ఎందుకంటే, ప్లాస్టర్ పోయి ఎముకను పట్టుకోకూడదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చేసిన తప్పు అక్కడే ఉంది.

డెబ్బైల మొదట్లో, వానాకాలం వెళ్ళాక, మా క్యాంపు బాన్సువాడలో పడింది. బస్టాండు వెనక ఒక కిరాయి ఇల్లు. ముందు గదుల్లో మా సార్, ఆయన పుస్తకాలు. వెనక గదిలో నేను, నా భార్య, ఏడాది నిండని బిడ్డ. వరండాలో మేం తెచ్చిన ఎముకలు. నేను అప్పటికి అయిదేళ్ళుగా టెంపరరీ ఖలాసీని, క్యాంపులో చేతిపనులు చేసే నౌకరును. ఫైలు కదిలితే పర్మినెంట్, కదలకపోతే ఏ నెలకానెల గండమే. ఆ ఫైలును కదిలించే చెయ్యి మా సార్‌ది.

సార్ చెడ్డవాడని అనుకోకండి. కోస్తా మనిషి. వర్ని వైపు కాలువల కింద స్థిరపడ్డ రైతుల్లో ఆయనకు దూరపు చుట్టాలుండేవారు. ఆదివారం వస్తే అక్కణ్ణించి గోంగూర పచ్చడి, సున్నుండలు వచ్చేవి. ఆయన ఏనాడూ ఒక్కడే తినలేదు, జీపు డ్రైవరుకూ నాకూ పంచాకే ముట్టేవాడు. ఎముక ముందు కూర్చుంటే ఆయన చేతులు చూడాలి, అంత నేర్పు నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. కానీ ఆయనకు తొందర ఎక్కువ. తాను అన్నమాట తప్పని ఎవరన్నా అంటే ఆ పూట అన్నం సహించేది కాదు.

మేం తవ్వింది బీర్కూరు వైపు మంజీర ఒడ్డున. వరద కోసుకుపోయిన చోట నల్లరేగడి కింద గులకరాళ్ళ పొర బయటపడి ఉండేది, ఎముకలు ఆ పొరలో దొరికేవి. చెరుకు నరుకుడు ఇంకా మొదలుకాలేదు కాబట్టి దగ్గరి తండా నుంచి కూలీలు వచ్చేవారు. వాళ్ళలో నలభై దాటిన ఒకామె ఉండేది. మోచేతుల దాకా గాజులు, నోట్లో ఎప్పుడూ ఆకు వక్క. మొదటి రోజుల్లో నన్ను "సారూ" అనేది, నాలుగు రోజులయ్యాక నా వయసు చూసి "తమ్మీ" అన్నది. నేను "అక్కా" అన్నాను. మిగతావాళ్ళు గడ్డపారతో మట్టి లేపితే ఆమె కలుపు తీసే చిన్న ఖుర్పీతో గీకేది. ఆమె గీకిన చోట ఎముక విరగడం నేను చూడలేదు.

ఒకరోజు ఆమె పని ఆపి నన్ను పిలిచింది.

"తమ్మీ, గిది బర్రె దవడ కాదు. నేను పుట్టినకాంచి బర్రెల మధ్యల్నే ఉన్న. గింత లావు దవడ యాడ చూడలే."

నేను చూసి సార్‌ను పిలిచాను. సార్ మోకాళ్ళ మీద కూర్చుని, బ్రష్షుతో మెల్లగా దులిపాడు. తరవాత నా భుజం మీద చెయ్యేసి, "నీటిగుర్రమయ్యా" అన్నాడు.

కూలీలందరూ మూగారు. నీళ్ళలో గుర్రమేందని ఒకరు, మంజీరలో మొసళ్ళు తప్ప ఏముంటాయని ఇంకొకరు. పేరులో గుర్రం ఉన్నా అది గుర్రం కాదనీ, నాలుగు గిట్టలున్న కాలితో బురదలో నడిచే బండ జంతువనీ, ఇప్పుడు ఆఫ్రికాలో మాత్రమే ఉందనీ సార్ ఓపిగ్గా చెప్పాడు. "గంత దూరం నుంచి గీడికెట్లొచ్చె?" అని అక్క అడిగింది. సార్ నవ్వి, "అదే తేల్చాలి" అన్నాడు.

తేల్చాల్సిన విషయం మీకు కూడా తెలియాలి, మొత్తం రగడ దాని గురించే. ఇప్పుడు ఆఫ్రికాలో తిరిగే నీటిగుర్రానికి కింది దవడ ముందు భాగంలో, రెండు కోరల మధ్య, నాలుగు పండ్లుంటాయి. మన దేశంలో ఒకప్పుడు తిరిగి, పూర్తిగా అంతరించిపోయిన పాత జాతి వేరే. దానికి ఆరు. హెక్సాప్రొటోడాన్ అని దాని పేరు, ఆ పేరుకు అర్థమే ముందు పండ్లు ఆరు అని. నర్మద ఒడ్డున, గోదావరి ఒడ్డున దాని ఎముకలు అప్పటికే దొరికి ఉన్నాయి. కాబట్టి మంజీరలో ఆరు పండ్లది దొరికితే మంచి సంగతి. నాలుగు పండ్లది దొరికితే మాత్రం పెద్ద సంచలనం, కనుక్కున్నవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది.

మా దవడకు ముందు పండ్లు ఊడిపోయి ఉన్నాయి, గుంటలు మాత్రమే మిగిలాయి. కుడిపక్క మొత్తం సున్నపు మట్టి గడ్డ కట్టుకుని ఉంది. ఎడమపక్క సార్ దులిపితే రెండు గుంటలు కనబడ్డాయి. ఎడమ రెండు, కుడి రెండు, రెండు రెళ్ళు నాలుగు అన్నాడు సార్. బొమ్మ గీసుకుని, మర్నాడే హైదరాబాదు బస్సెక్కాడు, వ్యాసం రాసి పంపడానికి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దవడ ఇంకా నేలలోనే ఉంది. వెళ్తూ వెళ్తూ, "ప్లాస్టర్ వేసి జాగ్రత్తగా లేపి ఉంచు, నేనొచ్చాక విప్పుదాం" అని నాకు చెప్పాడు.

ఆయన వెళ్ళిన మూడో రోజు అకాల వాన పట్టుకుంది. టార్పాలిన్ కిందికి నీళ్ళొచ్చి నా ప్లాస్టర్ బస్తాలన్నీ తడిసి బండలైపోయాయి. వాన తెరిపిచ్చిన పొద్దున కాలువ గేట్లు చూసుకునే లష్కర్ సైకిల్ మీద వచ్చి, నిజాంసాగర్ నిండింది, నాలుగైదు రోజుల్లో గేట్లు ఎత్తొచ్చు, సామాను తీసేసుకోండి అని చెప్పిపోయాడు. మేం తవ్విన చోటు నీటికి బారెడు ఎత్తులో కూడా లేదు.

హైదరాబాదు నుంచి ప్లాస్టర్ తెప్పించే టైము లేదు. నేను బీర్కూరులో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన పాత గడీల గోడలు కట్టిన మనిషి. సున్నం, ఇసుక గానుగలో నూరి, బెల్లం నీళ్ళు కలిపి, డంగు సున్నం చేసి ఇచ్చాడు. "గిది వట్టుకున్నదంటే నీ మనుమడు గూడ ఊడదియ్యలేడు" అన్నాడు. నేను సంతోషించాను. అప్పుడే భయపడి ఉండాల్సింది.

నేను తిరిగి వచ్చేసరికి అక్క దవడ ముందు బోర్లా పడుకుని ఉంది. వాన తడికి కుడిపక్క గడ్డ మెత్తబడితే గోటితో తీసేసి, గుంటల్లో వేలు పెట్టి చూస్తోంది.

"తమ్మీ, సారు నాలుగన్నడు గదా. ఆరున్నయి. నడిమిట్ల ఒకటి సన్నది దాక్కున్నది, రెండు దిక్కులా. జర చూడు."

నేను చూడలేదు. వినండి, ఇదే నా అసలు తప్పు. సున్నం ఎండిపోతోంది, నది పెరుగుతోంది, ఎనిమిది మంది కూలీలు నా మొహం చూస్తున్నారు. "సారు చూసిండు గదా అక్కా, ఆయనకు తెల్వదా" అని కసురుకున్నాను. నోటు పుస్తకంలో రాయనూ లేదు. మాలో ఒక అలవాటు ఉండేది. సార్ రాసిన దానికి విరుద్ధంగా ఖలాసీ ఏదీ రాయకూడదు. ఎవరూ చెప్పిన రూలు కాదది, అయినా మేమందరం పాటించేవాళ్ళం. అక్క లేచి పక్కకు జరిగింది.

రెండో తప్పు కూడా చేశాను. దవడంతా కాగితం వేశాను గానీ ముందు భాగంలో వెయ్యలేదు. అక్కడ ఎముక పిండిలా రాలుతోంది. సున్నమే పోయి గట్టిగా పట్టుకుంటే విరగకుండా ఉంటుందని నా తెలివి. సున్నం పట్టించి, వరిగడ్డి, గోనెపట్టీలు చుట్టి, చుట్టూ పిడకల సెగ పెట్టి ఆరబెట్టాం. మూడో రోజు ఎనిమిది మందిమి కలిసి లేపి ఎడ్లబండి ఎక్కించాం. ఎక్కడా పగుల్లేదు. ఆ మర్నాడు మంజీర వచ్చి మా గుంత మొత్తం మింగేసింది. క్యాంపులో డ్రైవరు నాకు చేతులు జోడించి దండం పెట్టాడు, నేను కూడా నన్ను చూసుకుని మురిసిపోయాను.

సార్ మూడు వారాలకు వచ్చాడు. దవడ దక్కిందని తెలిసి నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. తరవాత విప్పబోయాం. కాగితం ఉన్నచోట పెంకులు పెంకులుగా వచ్చింది. ముందు భాగం రాలేదు. ఉలి ఆనించి చిన్న దెబ్బ వేస్తే సున్నంతో పాటు ఎముక పెచ్చు ఊడి కింద పడింది. సార్ మొహం తెల్లబోయింది.

"కాగితం వెయ్యలేదా?"

"లేదు సార్. నాదే తప్పు."

"ఏమయ్యా, ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నావు, కాగితం వెయ్యాలని నీకు నేను చెప్పాలా?"

తిట్టాడు. తిట్టాల్సిందే, నేను తల వంచుకుని విన్నాను. అక్కడితో ఆగి ఉంటే మా ఇద్దరికీ మంచిదేమో. కానీ మూడు వారాలుగా దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"సార్, సున్నం పెట్టకముందు ఆ తండా అక్క వేలు పెట్టి చూసింది. ఆరున్నయంటుంది."

సార్ ఉలి కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున టైపు చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. అందులో ఉన్నది రెండు ముక్కలు. సున్నం పెట్టేముందు దవడ ముందు నాలుగు గుంటలే ఉన్నట్టు నేను కళ్ళారా చూశాను. నా అజాగ్రత్త వల్ల ఆ భాగం ఇక విప్పడానికి వీల్లేకుండా పాడైంది. కింద నా సంతకానికి చోటు.

"వచ్చే వారం పెద్దాయన చూడ్డానికి వస్తున్నారు," అన్నాడు సార్. పెద్దాయనంటే మా శాఖలో అందరికీ గురువు, రిటైరైనా ఆయన మాటే చివరిమాట. "నువ్వు సంతకం పెట్టు. తప్పు పనివాడిది, పొరపాటున జరిగింది అని నేను సర్దిచెబుతాను. నీ పర్మినెంట్ ఫైలు ఈ నెలలోనే పంపిస్తాను. పెట్టకపోతే మెమో ఇవ్వక తప్పదు, ఆ తరవాత నీ ఇష్టం."

"నేను చూడలేదు సార్. నాలుగూ చూడలేదు, ఆరూ చూడలేదు."

"నేను చూశాను కదా. నా మాట మీద నమ్మకం లేదా?"

"మీరు ఒక్క పక్కే చూసిండ్రు."

ఆ మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. అయిదేళ్ళలో సార్‌కు ఎదురు చెప్పడం అదే మొదలు. కాగితం అక్కడే వదిలేసి వెనక గదికి వచ్చాను. అబద్ధమెందుకు, చాలా భయపడ్డాను.

నా భార్య బిడ్డకు అన్నం పెడుతోంది. అంతా చెప్పాను. పెట్టెయ్ అంటుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అనాలనే కోరుకున్నాను, అంటే నెపం ఆమె మీద వేసి పెట్టేసేవాణ్ణేమో.

"నువ్వు చూసినవా?" అని అడిగింది.

"లేదు."

"చూడనిది చూసిన్నని ఎట్ల రాస్తవ్?" అని, "నౌకరీ పోతే మా అమ్మగారింటికి మాత్రం నేను పోను. గీడనే ఏదన్న చేస్కొని బతుకుదాం" అన్నది. గొంతు మామూలుగానే ఉంది గానీ బిడ్డకు కలుపుతున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం తండాకు నడిచిపోయాను. అక్క ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. నిజంగా ఆరు చూశావా అని అడిగితే చాట పక్కన పెట్టేసింది.

"గప్పుడు చూడు చూడు అంటే కసిరితివి. ఇప్పుడొచ్చి అడుగుతున్నవ్. నేను సదువుకోలే తమ్మీ, గంతే. లెక్క రాదా నాకు? ముప్పై మేకలను మేపిన, ఒక్కటి తక్కువైనా నడిమి అడవిల ఎరుకైతుండె."

నేను క్షమించమని అడిగాను. సార్ పెట్టిన కాగితం సంగతి చెప్పి, సున్నం నేనే విప్పి చూస్తానన్నాను. ఆమె లోపలికి వెళ్ళి పొడవాటి ఏదుపంది ముల్లు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిదైతే గీరదు, విరగదు. ఇనుపది వాడకు" అన్నది.

సున్నాన్ని మెత్తబరిచే ఉపాయం మాత్రం నా భార్యది. అక్కడి బావి నీళ్ళకు మా ఇత్తడి బిందె లోపల తెల్లటి పెంకు కట్టేది, ఆమె చింతపండు పులుసు పోసి నానబెట్టి దాన్ని వదిలించేది. ముందు ఊడిపోయిన ఆ పెచ్చును చింతపులుసులో రెండు రోజులు నానేశాను. సున్నం పెరుగులా అయింది, ఎముక చెక్కుచెదరలేదు. ఇక ఆగలేదు. సార్ రోజూ పొద్దున్నే జీపులో జుక్కల్ వైపు సర్వేకు వెళ్ళి పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. ఆయన అటు వెళ్ళగానే నేను వరండాలో కూర్చునేవాణ్ణి. పులుసులో తడిపిన గుడ్డ సున్నం మీద వెయ్యడం, గంటాగి తీసి ఏదుముల్లుతో గీకడం, మంచినీళ్ళతో కడగడం, మళ్ళీ గుడ్డ. రోజంతా కష్టపడితే గోరంత మందం వచ్చేది. బెల్లం వాసనకు చీమలు బారులు కట్టేవి, అవి నన్నూ కుట్టేవి. "ఇంట్ల చారుకు చింతపండు లేదు గని, సచ్చిన జంతువుకు దినాం పులుసువోస్తున్నవ్" అని నా భార్య దెప్పుతూనే కుండలో కొత్త పులుసు పిసికేది.

మూడో రోజు సార్ తొందరగా వచ్చి చూశాడు.

"దాన్ని ఎవరు ముట్టుకోమన్నారు? ఆపు. ఇంకా పాడైతే ఉద్యోగం ఒక్కటే కాదు, కేసు కూడా అవుతుంది."

"కానీయండి సార్," అన్నాను. చెయ్యి ఆపలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎట్లా? ఆయన నిలబడి కొద్దిసేపు నా చేతులనే చూశాడు. పని బాగా జరుగుతోందని ఆయనకు తెలుస్తోంది, ఆయన పనితనం తెలిసిన మనిషి. అట్లాగే లోపలికి వెళ్ళాడు.

పెద్దాయన వచ్చే ముందురోజు ఎడమపక్క తేటపడింది. ఒక పెద్ద గుంట. ఇంకో పెద్ద గుంట. వాటి మధ్య, కొంచెం పైకి, సున్నం ముద్ద ఇరుక్కున్న చిన్న బొట్టు. ముల్లు కొసతో ఆ ముద్దను మెల్లగా తిప్పితే ఊడొచ్చింది. లోపల నున్నటి గుంట, చిటికెనవేలు కొస పట్టేంత. ముల్లు కింద పెట్టేశాను. సంతోషం కాదు, సిగ్గు. ఆ మనిషి "జర చూడు" అన్నప్పుడు రెండు నిమిషాలు వంగి ఉంటే ఇదంతా ఉండేదే కాదు.

పెద్దాయన జీపు దిగాడు. సన్నటి ముసలాయన, చేతికర్ర, జేబులో భూతద్దం. సార్ తన బొమ్మ చూపించి, నాలుగు గుంటల సంగతి చెప్పి, సున్నం వల్ల జరిగిన నష్టం కూడా చెప్పాడు. నేను దవడ మీద గుడ్డ తీశాను. పెద్దాయన ఎడమపక్క భూతద్దం పెట్టి చూసి, "ఇక్కడ మూడున్నాయే" అన్నాడు.

సార్ ముందుకు వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మధ్యలోది గుంట కాదండి. ఇతను ముల్లుతో తవ్విన రంధ్రం. నేను వద్దని చెప్పాను."

ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మెమో ఇచ్చినా ఊరుకునేవాణ్ణి. నా చేతులతో నేను ఎముకను తవ్వి దొంగ గుంట చేశానన్నాడు. ఎముకను కాపాడటం తప్ప ఇంకే పనీ రాని చేతులవి.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. ముందురోజే నేను రమ్మని కబురు పెట్టాను, వచ్చింది. "ముందు చూసినామె ఈమే సార్, అడగండి" అన్నాను. సార్ ఏదో అనబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఏమమ్మా, ఎట్లా చూశావు?"

ఆమె దవడను ముట్టుకోలేదు. గాలిలోనే చెయ్యి చాపి బొటనవేలు చూపించింది. తరవాత చిటికెనవేలు. మళ్ళీ బొటనవేలు. "గీ దిక్కు గిట్ల. గా దిక్కు గూడ గిట్లనే" అన్నది. తమ భాషలో మెల్లగా ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి "ఛో" దగ్గర ఆపి, నావైపు తిరిగి, "ఆరు" అన్నది.

కుడిపక్క ఇంకా సున్నంలోనే ఉంది. పెద్దాయన నావైపు చూశాడు, అది కూడా విప్పు అన్నట్టు. నేను ఏదుముల్లు తీసుకుని సార్ ముందు పట్టుకున్నాను.

"నేను ముట్టను సార్. నేను తీస్తే మళ్ళీ తవ్విన్నంటరు. మీరే తియ్యండి."

డ్రైవరు వాకిట్లో బీడీ పారేశాడు. సార్ నా మొహం చూశాడు, పెద్దాయన మొహం చూశాడు. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుని, "తియ్యండి, నాకు తొందరేం లేదు" అన్నాడు.

సార్ చొక్కా చేతులు మడిచి కింద కూర్చున్నాడు. నా భార్య పులుసు కుండ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. చెప్పాను గదా, ఆయన చేతుల నేర్పు. కోపంలో ఉన్నా ఒక్క పోటు తప్పలేదు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. మొదటి పెద్ద గుంట వచ్చింది, తరవాత రెండోది. ఆ రెంటి మధ్య సున్నం మీద గుడ్డ వేసి, తీసి, వేసి, తీసి, ఎండ వరండా మెట్లు దిగే వేళకు ఆయన ముల్లు ఆగింది. ముల్లు పక్కన పెట్టి చిటికెనవేలు కొస అక్కడ ఆనించాడు. చాలాసేపు ఆ వేలు తియ్యలేదు.

"ఉంది," అన్నాడు. కాసేపటికి తనే, "ఆరు" అన్నాడు.

ఆ మాట ఆయనే అన్నాడు, ఎవరూ అనిపించలేదు. అందుకు ఈరోజుకీ ఆయనకు దండం పెడతాను. మిగతావాటికి పెట్టను.

ఆయన వ్యాసం వెనక్కి తెప్పించుకున్నాడు. హెక్సాప్రొటోడాన్ మంజీరలో దొరికిందని కొత్తది రాశాడు, అందులో మా ఊసు లేదు. కేసు పెట్టలేదు గానీ కాగితం వెయ్యనందుకు మెమో ఇచ్చాడు. అది న్యాయమే, తీసుకున్నాను. పర్మినెంట్ ఫైలు మాత్రం కదల్లేదు. నన్ను ఇంకో క్యాంపుకు తోలేశారు. నాతో చేరినవాళ్ళు సీనియర్లయ్యాక, ఎనభైల్లో ఎప్పుడో నేను పర్మినెంటయ్యాను. మధ్యలో నా భార్య మిషను కుట్టి ఇల్లు నడిపింది. ఈ కష్టం తక్కువదని నేను చెప్పను. సంతకం పెట్టనందుకు బాధపడ్డావా అంటే మాత్రం, లేదు.

బాన్సువాడ వదిలే ముందు చివరి పని ఒకటి మిగిలింది. దవడను హైదరాబాదు పంపడానికి కొత్త ప్లాస్టర్ వచ్చింది. ఈసారి కాగితం రెండు వరసలు వేశాను. ప్లాస్టర్ కట్టినవాడు దాని మీద నీలం పెన్సిలుతో నంబరు వెయ్యాలి, ఏ దిక్కు పైకో బాణం గుర్తు వెయ్యాలి. పేర్లు రాయడానికి లేదు, పేరు అట్టముక్క మీద సార్‌ది ఉంటుంది. నేను నంబరు వేసి, బాణం వేసి, ఇంకా తడి ఆరకముందే అక్కను పిలిచి, అడుగుకు పోయే పక్క చూపించాను.

"అక్కా, నువ్వు చూసింది గీడ పెట్టు."

ఆమెకు ఇంకో మాట చెప్పాల్సిన పని లేకపోయింది. బొటనవేలు, చిటికెనవేలు, బొటనవేలు ఒత్తింది. కాస్త ఎడం ఇచ్చి మళ్ళీ అట్లాగే ఒత్తింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, "ఇగ ఎవ్వడు నాలుగంటడో అననియ్యి" అని, చెరుకు నరకడానికి టైమైందని వెళ్ళిపోయింది.

రిటైరయ్యే ఏడు పెద్ద ఆఫీసు సామాను గదిలో ఆ దవడను మళ్ళీ చూశాను. నేను కట్టిన ప్లాస్టర్ కింది సగం ఇంకా దానికి పీటలా ఉంది. కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన, పాత ప్లాస్టర్ పెచ్చులూడుతోంది, తీసి పారేసి స్పాంజి పెట్టమన్నాడు. నేను దాని ముందు అడ్డంగా నిలబడ్డాను. "నా సర్వీసులో ఇంక నాలుగు నెలలున్నాయి సార్, ఆ నాలుగు నెలలూ దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను" అన్నాను. కారణమేమిటన్నాడు. అడుగున చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టాడు, తడిమాడు, "ఇవేమిటండీ, గుంటలు?" అన్నాడు. మీకు చెప్పినదంతా నిలబెట్టి చెప్పాను. ఆయన స్పాంజి వెనక్కి పంపించాడు.

మీలో ఎవరైనా ఆ గదికి వెళ్తే అట్టముక్క మీద సార్ పేరు ఉంటుంది. చదవండి, ఆ దవడను విప్పిన చేతుల్లో ఆయనవీ ఉన్నాయి. తరవాత పీట అడుగుకు చెయ్యి పోనిచ్చి, ఆమె వేళ్ళు పెట్టిన చోట మీ వేళ్ళు పెట్టి లెక్కపెట్టండి. ఎవరో చెప్పిన లెక్క కాకుండా మీ లెక్క మీరే పెట్టండి.